పంపు మీద ఎర్ర గీతలు

పొద్దున్నే నీళ్లకు వెళ్లిన కుట్టుపని ఆవిడకు చేతిపంపు మీద ఎర్ర సుద్దతో గీసిన ఇంటూ గుర్తు కనిపించింది.

పిల్లల పనేమో అనుకుని తడిగుడ్డతో తుడిచేసింది.

మర్నాడు మళ్లీ అదే గుర్తు, అదే చోట.

పంపు వెనకే ప్రహరీగోడ. గోడకు అవతల చెత్త కంపెనీ. ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల డ్రమ్ములూ లారీల్లో అక్కడికే వస్తాయి. కొన్ని డ్రమ్ముల మీద ఇలాంటి ఎర్ర గుర్తే ఉంటుందనీ, గుర్తున్నవాటిని ఎత్తుకెళ్లి గోతిలో పూడుస్తారనీ వీధిలో అందరికీ తెలుసు. ఆ గుర్తు ఎందుకు పెడతారో మాత్రం ఎవరూ అడగలేదు.

"అయితే మన వంతు వచ్చిందన్నమాట," అన్నాడు పక్కింటి తాపీమేస్త్రీ. "వాళ్లకు స్థలం చాలట్లేదట. గుర్తు పెట్టారంటే ఎత్తేస్తారు."

ఆవిడ ఆ గుర్తునూ తుడిచేసింది.

అసలే మనవరాలు నెల రోజులుగా కడుపునొప్పితో మెలికలు తిరుగుతోంది. డాక్టరు మందులు మారుస్తున్నాడే గానీ నొప్పి తగ్గడం లేదు. తల్లి లేని పిల్లను ఈ స్థితిలో చంకనేసుకుని ఎక్కడికి పోవాలి?

మూడో రోజు తెల్లవారకముందే లేచి కాపు కాసింది.

కంపెనీ నీలం కోటు వేసుకున్న మనిషి వచ్చాడు. కోటు మోచేతి దగ్గర ఏదో పడి కాలినట్టు పెద్ద కన్నం. జేబులోంచి సుద్దముక్క తీసి గీతలు పెట్టాడు.

"ఎవరు పెట్టమన్నారయ్యా నిన్ను?"

అతను ఆవిడ చేతిలోని బిందెను చూపించాడు. రోడ్డును చూపించాడు. మళ్లీ బిందె, మళ్లీ రోడ్డు.

తట్టాబుట్టా సర్దుకుని రోడ్డెక్కమంటున్నాడు! ఆ మాట నోటితో చెబితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు మహానుభావుడికి.

ఆవిడ కసిగా తుడిచేసింది. అతను మళ్లీ పెట్టాడు. ఆవిడ మళ్లీ తుడిచింది. చివరికి సుద్ద జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ కళ్లు తుడుచుకున్నాడు.

ఇళ్లు పీకించేవాడికి ఏడుపెందుకు? ఆవిడకు అంతుపట్టలేదు. ఆ రోజు ఒక చొక్కాకు చేతులు తిరగేసి కుట్టేసింది.

వారం రోజులు ఇదే తంతు. ఇక లాభం లేదని కంపెనీ మేనేజరు దగ్గరికే వెళ్లింది.

కసురుకుంటాడనుకుంటే ఆయన కుర్చీ వేయించాడు. బయటి నుంచి తెప్పించిన మంచినీళ్ల సీసా మూత తీస్తూ అంతా విన్నాడు. ఇళ్ల సంగతి చెబితే నవ్వేశాడు. పంపు మాట వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"పంపు మీదేనా? సరిగ్గా చూశారా?"

రెండుసార్లు అడిగాడు. కోటుకు కన్నం ఎక్కడుందో కూడా అడిగి రాసుకున్నాడు.

"మీ ఇళ్లకేం కాదమ్మా, నాదీ పూచీ. అతను మళ్లీ రాడు."

అన్నట్టే మర్నాటి నుంచి రాలేదు. వీధంతా ఆవిడను మెచ్చుకుంది. ఇల్లు పోదంటూ నవ్వినవాడు పంపు దగ్గర ఎందుకు ఉలిక్కిపడ్డాడో మాత్రం ఆవిడకు బోధపడలేదు.

గండం గడిచిందనుకుంటే పిల్ల మరీ నీరసించిపోయింది. నీళ్లు బాగా తాగించమన్నాడు డాక్టరు. ఆవిడ గంటకో గ్లాసు తాగిస్తూనే ఉంది.

పదిహేను రోజుల తర్వాత ఒకామె సంచి పట్టుకుని వచ్చింది. ఎక్కడో దూరంగా ఉంటుందట.

"అక్కా, ఈ కోటు కత్తిరించి మా అమ్మాయికి బడిసంచి కుట్టిపెడతారా? మా ఆయనకు ఇక దీంతో పనిలేదు. ఉద్యోగం పోయింది."

నీలం కోటు. మోచేతి దగ్గర కన్నం.

ఆవిడ జేబు తడిమింది. వేళ్లకు ఎరుపు అంటింది.

"ఎందుకు తీసేశారమ్మా?"

"ఏమో అక్కా, నాకూ సరిగా అర్థం కాలేదు. ఎవరిదో పంపు మీద గీతలు పెట్టాడని ఎవరో వెళ్లి చెప్పారట."

"గీతలెందుకు పెట్టాలసలు?"

"అక్కడ ఆయన చేసే పనే అది. విషం ఉన్న డ్రమ్ముల మీద ఎవరూ చెయ్యి పెట్టకుండా ఎర్రగా ఇంటూ గుర్తు వేయాలి."

బయట పంపు కొడుతున్న చప్పుడు వినిపించింది. మనవరాలు గ్లాసు పట్టుకుని వెళ్లడం ఆవిడ ఇందాకే చూసింది.

కోటు వదిలేసి వాకిట్లోకి పరుగెత్తుతున్న ఆవిడకు వెనకనుంచి ఆ ఇల్లాలి మాట వినిపిస్తూనే ఉంది.

"పుట్టుమూగ కదక్కా, అక్షరం ముక్క కూడా రాదు, ఎవరికైనా వద్దని చెప్పాలంటే ఆయనకు వచ్చిందల్లా ఆ రెండు గీతలే."