ముందుకు జరిగే సీటు

మా ఆయన ఎవరో వాడిన బగ్గీ ఒకటి కొనుక్కొచ్చారు. గుట్టలూ గుంతలూ లెక్కచేయని మోటారు బండి. సీటు మాత్రం ఒక్కటే.

"మరి నేనో?" అని అడగబోయి, సిగ్గేసి ఊరుకున్నాను.

వారమంతా ఆయన ఆఫీసులో, బండి షెడ్డులో. ఆదివారం ఆయన ఎక్కగానే మోకాళ్ళు స్టీరింగుకు కొట్టుకునేవి. సీటు ముందుకు జరిగి ఉండేది. అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ వెనక్కి జరుపుకునేవారు. మళ్ళీ ఆదివారానికి అదే తంతు.

చివరికి మెకానిక్‌ను పిలిపించారు. అతను సీటును అటూ ఇటూ గుంజి చూశాడు.

"గట్టిగానే ఉంది సార్. ఎవరన్నా జరిపితే తప్ప జరగదు."

"ఇంట్లో ఇంకెవరున్నారయ్యా జరపడానికి? వాడు నాకు దయ్యం బండి అంటగట్టాడు!"

"దయ్యమే అయితే పొట్టిది సార్. కాళ్ళందక జరుపుకుంటోంది."

"పొట్టిదో పొడుగుదో, రేపే వెనక్కి ఇచ్చేస్తా!"

కాఫీ కప్పులతో గుమ్మంలో నిలబడ్డ నేను గబగబా ముందుకొచ్చాను.

"వెనక్కి ఇవ్వకండీ," అన్నాను తల వంచుకునే. "ఇకనుంచి దిగేటప్పుడు నేనే వెనక్కి జరుపుతాను."