పేరు కోసం ఖాళీ

ఆబిడ్స్ సందులోని జమున డీటీపీ షాపులోకి బుచ్చిబాబు నిప్పులు కక్కుతూ వచ్చాడు.

"ఈ కరపత్రం ఇక్కడే వేశారా అమ్మా?"

"ఔ సార్. రత్నాకర్ సార్ చేపిచ్చిండు."

బుచ్చిబాబు నాంపల్లి విశ్వశాంతి సంఘానికి పదకొండేళ్లుగా కార్యదర్శి. ఆ కుర్చీ అంటే ఆయనకు ప్రాణం. వారానికో కరపత్రం రాస్తాడు. రాసింది మళ్లీ చదివే అలవాటు లేదు. రత్నాకర్ సహాయ కార్యదర్శి. ఎక్కడో రెండు దేశాలు యుద్ధం చేసుకుంటుంటే, ఏడాదిగా వీళ్లిద్దరూ చెరో దేశం తరఫున ఇక్కడ పోట్లాడుకుంటున్నారు. పటంలో అవెక్కడున్నాయో చూపమంటే మాత్రం ఇద్దరూ కళ్లజోళ్లు వెతుక్కుంటారు.

మొన్న బుచ్చిబాబు మెచ్చిన దేశం అవతలివాళ్ల ఆసుపత్రి మీద బాంబు వేసింది. కరపత్రం దాని గురించే.

"చదువమ్మా, ఎంత విషం కక్కాడో."

జమున చదివింది. "మంచాన పడ్డ రోగికి పక్షం ఉండదు. ఆసుపత్రి మీద బాంబు వేసినవాడు ఏ సాకు చెప్పినా హంతకుడే. వాణ్ని వెనకేసుకొచ్చేవాడికి శాంతి మాట ఎత్తే అర్హత లేదు."

"మంచిగనే ఉంది కద సార్."

"ఏం మంచి? ఆసుపత్రి కింద సైనికులు దాక్కుంటే పూలు చల్లుతారా? యుద్ధమన్నాక నాలుగు ప్రాణాలు పోతాయి."

"మరి పోయినేడు అవతలోళ్లు గూడ గిట్లనే దవాఖాన మీద ఏసిన్రు కద?"

"అది వేరమ్మా. అది హత్య. నువ్వు తీర్మానం కొట్టు."

జమున ఏదీ కొత్తగా కొట్టదు. పాత ఫైలు తెరిచి పేర్లు మారుస్తుంది. సంఘంవారి పాత సన్మానపత్రం ఒకటి తెరిచి, పొగడ్తలన్నీ తీసేసి, ఆయన చెప్పింది కొట్టింది. 'ఈ కరపత్రంలోని మాటలు రాసిన ........ గారిని సంఘం నుంచి శాశ్వతంగా తొలగిస్తున్నాం.'

"పేరు, సార్?"

"ఖాళీ ఉంచు. వాడి నోటితో చెప్పించాకే రాస్తాం."

సాయంత్రం నాంపల్లిలో సంఘం గది నిండింది. తీర్మానం మీద అందరికంటే ముందు రత్నాకరే సంతకం పెట్టాడు. బుచ్చిబాబు తెల్లబోయాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని లోలోపల సంబరపడ్డాడు కూడా. తానూ సంతకం గీకాడు. అధ్యక్షురాలు వసుమతి చివరి సంతకం చేసి పెన్ను పట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి, రాసిందెవరు?" అన్నాడు బుచ్చిబాబు.

"నాకేడ వస్తది సార్ రాసుడు? జమున కంప్యూటర్ల పోయినేటి ఫైలుంటే, దేశాల పేర్లు అటుది ఇటు, ఇటుది అటు చేపిచ్చిన. గంతే."

రత్నాకర్ సంచిలోంచి పోయినేటి కరపత్రం తీసి బల్ల మీద పెట్టాడు.

వసుమతి దాని అడుగున రాసినవారి పేరు చూసి, తీర్మానంలోని ఖాళీలో తాపీగా 'బుచ్చిబాబు' అని నింపింది.