గురువారం క్లాసులో బాయిలర్ తాత

"టీచర్, పోలీసులు రమ్మంటే ఈ బొమ్మలో నాన్న పళ్ళు తోముకునే బ్రష్ ఎందుకు పట్టుకెళ్తున్నాడు?"

అపొలేనా అడిగిన ప్రశ్నకి బ్లాంకా తడబడింది.

బడికి వెళ్ళకుండా ఇంట్లోనే చదువుకునే పిల్లలు తొమ్మిదిమంది. ప్రతి గురువారం చెక్ దేశంలోని త్రెబీచ్ ఊరి లైబ్రరీ మేడమీద వాళ్ళచేత ఆవిడ ఒక బొమ్మల నవల చదివిస్తోంది. 1968లో రష్యా ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాక ఒక కుటుంబం ఎలా చితికిపోయిందన్న కథ.

ఆ కాలం ఎలాంటిదో పిల్లలకి అర్థం కావాలని రెండు వారాలు కూర్చుని తేదీలతో చార్టులు గీసింది. బ్రష్ సంగతి మాత్రం వాటిలో లేదు.

"వెళ్ళినవాడు సాయంత్రానికే వస్తాడో, ఆర్నెల్లకొస్తాడో తెలీదు కదమ్మా! అందుకే బ్రష్షూ సబ్బూ సంచిలో ఉండేవి."

జవాబు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. గదిని వెచ్చబెట్టే రేడియేటర్ చూడ్డానికొచ్చిన ముసలాయన, కింద బాయిలర్‌లో బొగ్గు వేసే కౌబెక్. చేతులనిండా మసి.

తొమ్మిది తలలూ అటు తిరిగాయి.

"మరి ఈ కథలో పక్కింటావిడ వీళ్ళని పలకరించదేం తాతా?"

"ఆవిడ కొడుక్కి కాలేజీలో సీటు కావాలి. పోలీసుల కన్ను పడ్డ వీళ్ళతో మాట్లాడితే సీటు పోతుంది. నువ్వైతే పలకరించేదానివా?"

పిల్లలు వాదనకి దిగారు. నెలరోజులుగా నోరు విప్పని మతౌష్ లేచి నిలబడి మరీ అరుస్తున్నాడు.

బ్లాంకా తన చార్టులు చుట్టి పక్కన పెట్టేసింది.

మరుసటి గురువారం పిల్లలు ఆయన్ని చేయి పట్టుకుని పైకి లాక్కొచ్చారు.

ఆ పై గురువారం అపొలేనా ఆయన కోసం గసగసాల బన్ను తెచ్చింది. తనకింతవరకూ ఒక్కరూ బిస్కెట్ ముక్కయినా ఇవ్వలేదు!

క్లాసు అవగానే, ఇదంతా నడిపించే రెనాతా దగ్గరికి వెళ్ళింది బ్లాంకా.

"బొగ్గు ఎత్తే మనిషి చరిత్ర చెబుతుంటే ఇంక నేనెందుకు?"

"పోనీలేవే, పిల్లలకి నచ్చాడుగా!"

ఆ మాటే ముల్లులా దిగింది.

"ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

రెనాతా నిట్టూర్చింది. "సరే, నీ ఇష్టం."

బ్లాంకా తనే కిందకి దిగి చెప్పింది. "ఇకమీదట క్లాసు జరిగేటప్పుడు పైకి రాకండి."

కౌబెక్ చేతిలోని పార పక్కన పెట్టాడు.

"అలాగే. మీ చార్టులు బావున్నాయి టీచరమ్మా. మీరు కొంచెం తక్కువ చెప్పి, వాళ్ళని కాస్త ఎక్కువ అడగనివ్వండి."

నాకే పాఠం చెబుతాడా! గొణుక్కుంటూ ఆవిడ మెట్లెక్కింది.

తర్వాత నుంచి క్లాసు బుద్ధిగా సాగింది. ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పింది రాసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున లైబ్రరీ గుమ్మం పక్క అద్దాల బోర్డులో చావు కబురు తెలిపే నల్ల అంచు కాగితం కనిపించింది.

కౌబెక్ చనిపోయాడు.

పేరు కింద ఆయన కూతురు రాయించిన వాక్యం ఒకటే ఉంది: "ట్యాంకులు రావడం తప్పు అని పిల్లల ముందు అన్నందుకు హైస్కూల్ నుంచి వెళ్ళగొట్టబడిన చరిత్ర మాస్టారు, మా నాన్న, ముప్పై రెండేళ్ళ తర్వాత ఈ చలికాలం మూడు గురువారాలు మళ్ళీ పాఠం చెప్పగలిగానన్న సంతోషంతో వెళ్ళిపోయారు."