నోరు పోయిన చీనీ చెట్టు

అనంతపురం పక్క ఇప్పుడు చీనీ చెట్లకు, అదే బత్తాయి చెట్లకు, దాహమేస్తే వేళ్ల దగ్గర పాతిన వైర్లతో అవే మోటారుకు ఫోన్ చేసి అడుగుతున్నాయి. అడిగిన వెంటనే మోటారు తనంతట తానే నీళ్లు వదులుతుంది. సుంకన్న తోటంతా నవనవలాడుతోంది గానీ, ఏళ్ల తరబడి పూతే లేదు. ఈసారీ కాయకపోతే చెట్లు కొట్టేయాల్సిందే.

ఆమధ్య ఒక చెట్టు వైరును ఇంటి మేక కొరికేసింది. నోరు పోయిన ఆ చెట్టు నీళ్లడగలేక వాడిపోయింది. ఆకులు వేలాడేశాక గానీ సుంకన్న గమనించలేదు. కంగారుగా బిందెలతో నీళ్లు మోసి పోశాడు.

కొన్నాళ్లకు ఆ ఒక్క చెట్టే కొమ్మకొమ్మకూ పూసింది.

"ఎండబెడితే పూస్తాదా యాందిమే?" అన్నాడు సుంకన్న వింతగా.

"ఉండు, చూస్తే తెలుస్తాది" అంటూ భార్య పుల్లక్క మేకను లాక్కొచ్చి పక్క చెట్టుకు కట్టేసింది.