మూడు ఆదివారాల ప్రకటన

చనిపోయిన పాస్టర్ల గొంతులు ఇప్పుడు ప్రతి చర్చిలోనూ పెట్టెల్లోంచి ప్రసంగిస్తున్నాయి. మా చర్చి పెట్టెలో ఉన్నది జీవరత్నం అయ్యగారు. ఇద్దరు ఆడవాళ్లకు పెళ్లేమిటని, ముప్పై ఏళ్ల కిందట నన్నూ మేరీకాంతాన్నీ సంఘంలోంచి వెలివేసింది ఆ గొంతే.

తర్వాత సంఘం మారింది. మమ్మల్ని మళ్లీ చేర్చుకుంది, ఇలాంటి పెళ్లిళ్లకూ ఒప్పుకుంది.

"సువార్త టీచరుగారూ, ఈ గొంతు తీసేయించి కొత్తది పెట్టిద్దామండి," అన్నాడు సంఘపెద్ద ఏలియా.

"వద్దు. మా పెళ్లి ప్రకటన ఆయనే చదవాలి. నేను నేర్పుతాను," అన్నాను.

నలభై రోజులు నేర్పాను. పెట్టె "ఇది పాపం" అన్నప్పుడల్లా బైబిల్లో ప్రేమ గురించిన వాక్యాన్ని మొదటినుంచీ అప్పజెప్పించాను. చిన్నప్పుడు ఈ అయ్యగారి సండేస్కూల్లో నేను తప్పుల్లేకుండా అప్పజెప్పినా సరే, మోకాళ్ల మీద నిలబెట్టి, "వినబళ్లేదు, మళ్లీ చెప్పు," అనేవాడాయన. నా దగ్గర చదివే పిల్లల్ని నేనా మాట ఒక్కసారి కూడా అనలేదు. దాచుకున్నాను.

ఈ ఆదివారం చర్చి నిండిపోయింది. పెట్టె గొంతు సవరించుకుంది.

"సువార్తకూ మేరీకాంతానికీ వివాహం నిశ్చయమైనది. అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవలెను."

ఎవరూ లేవలేదు. నేను లేచాను.

"వినబళ్లేదు అయ్యగారూ. మళ్లీ చెప్పండి."

పెట్టె మళ్లీ చెప్పింది. మేరీకాంతం నా కొంగు పట్టి లాగింది.

"చాల్లేవే, ఇక కూర్చో."

కూర్చున్నాను. పెళ్లి ప్రకటన వరసగా మూడు ఆదివారాలు చదవాలి. ఇంకా రెండున్నాయి.