మీసం పట్టని సంచి

“సూర్యుణ్ణి తీసేద్దాం అంకుల్,” అంది కళ్యాణి.

అసిరయ్య గుండె కలుక్కుమంది. కొడుకు మణికుమార్ చేత ఫోనులో గీయించి, కాగితం మీద ప్రింటు తీయించి మరీ తెచ్చుకున్న బొమ్మ అది. వెనక సూర్యుడు, ఓ పక్క కొబ్బరిచెట్టు, మరో పక్క పడవ, ముందు రొయ్య, అన్నిటికీ మధ్యలో మెలితిప్పిన మీసంతో తన మొహం. కింద ‘అసిరయ్య అండ్ సన్, రొయ్యల పచ్చడి’.

“సూరీడు నీకేటి సేసినాడమ్మా?”

“ఆయనకి పసుపు కావాలి, ఎరుపు కావాలి. గుడ్డ మీద అచ్చంటే ఒక్కో రంగుకీ ఒక్కో ఫ్రేము కట్టాలి అంకుల్. మీ బొమ్మకి నాలుగు ఫ్రేములు. ప్రతి సంచీ నాలుగుసార్లు బల్ల ఎక్కాలి. సస్తాలో, తక్కువ ఖర్చులో అవ్వాలంటే ఒకటే రంగు.”

“పోనీ, మిషను మీద దారంతో కుట్టీ.”

“అప్పుడు పచ్చడి ధర కంటే సంచీ ధర మహంగా అవుద్ది.”

అండమాన్‌లోని బతు బస్తీలో ఆ షాపు చిన్నదే. మూల కూర్చుని కనకదుర్గ కోరా గుడ్డ సంచులు కుడుతుంది, కళ్యాణి వాటి మీద అచ్చు వేస్తుంది. ఊళ్లో ఇంకెన్ని షాపులున్నా ఇక్కడికే వెళ్లమని మణికుమార్ పట్టుబట్టి పంపాడు. సోమవారం జంగ్లీఘాట్ రేవు దగ్గర పచ్చడి కొట్టు తెరుస్తున్నారు. ఓడ ఎక్కే ప్రతి టూరిస్టు భుజానా తన పేరు వేలాడాలని అసిరయ్య కోరిక. చిన్నప్పట్నుంచీ ఎవరెవరి పడవల్లోనో వేటకెళ్లాడు. ఆ పడవల మీద ఎవరెవరి పేర్లో ఉండేవి. తన పేరు రాసుకోవడానికి తనకంటూ ఒక చెక్కముక్క కూడా లేకపోయింది. ఆ బాధ అతనికి లోపల ఉండిపోయింది.

“ఠీక్ హై. నీలం ఒక్కటే ఎయ్యి. బొమ్మలు మాత్రం అన్నీ ఉండాల.”

“అన్నీ కష్టం అంకుల్. గీతలు పెరిగితే ఖర్చూ పెరుగుద్ది.”

కుట్టుమిషను ఆగింది. కనకదుర్గ తలెత్తి కళ్యాణి వైపు చూసింది. కళ్యాణి అటు చూడలేదు. మిషను మళ్లీ నడిచింది.

“అండమాన్‌లో కొబ్బరిచెట్టు బొమ్మ ఎందుకు? తలెత్తితే అదేగా.”

“సరే, తీసీ.”

“పడవ? పచ్చడి పడవలో కలుపుతారా?”

“నేదు,” అన్నాడు అసిరయ్య నీరసంగా. సూర్యుడు, చెట్టు పోయాక పడవ మీద కూడా పెన్ను గీత పడింది.

“‘అండ్ సన్’ అని రాశారు. మీ అబ్బాయి పచ్చడి పని చేస్తాడా?”

“ఆడా? ఆడికి షిప్పులో డ్యూటీ. పచ్చడితో ఆడికున్న సంబంధం తినడమే.”

కళ్యాణి నవ్వు ఆపుకుంటూ ‘అండ్ సన్’ కొట్టేసింది. “ఇప్పుడు మీసం.”

అసిరయ్య చెయ్యి చప్పున మీసం మీదికి పోయింది. “అరే, దీని జోలికి రాకు. రేవులో దీన్ని సూసే నన్ను గుర్తుపడతారు.”

“టూరిస్టులు మీసం చూస్తే పచ్చడిలో వెంట్రుక ఉంటుందేమో అనుకుంటారు అంకుల్.”

అసిరయ్య మీసం కొసలు లాగి చూసుకున్నాడు. తనకే అనుమానం వచ్చింది. మీసంతో పాటు మొహం కూడా పోయింది.

ఇక మిగిలింది రొయ్య, దాని కింద అసిరయ్య పేరు. “ఇదీ బాగానే ఉంది. జల్దీ అచ్చెయ్యి,” అన్నాడు.

“ఒక్క మాట. పచ్చడి పెట్టేది ఎవరు?”

“మా మణికుమార్ అమ్మ. ఉప్పు, కారం, ఆవపిండి అన్నీ దాని సెయ్యే. నాకేటి తెలుసు? రొయ్యలు తెస్తాను, సీసాలకి మూతలు బిగిస్తాను.”

“పేరు మాత్రం మీదా?”

“అయితే రెండు పేర్లూ ఎయ్యి.”

“ఒక్క పేరే పడుతుంది అంకుల్. ఎవరిది వెయ్యమంటే వాళ్లది వేస్తాను. మీ ఇష్టం.”

అసిరయ్య కాగితం దగ్గరికి లాక్కున్నాడు. తన పేరు మీద వేలు పెట్టి కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి అచ్చులోకి ఎక్కబోతున్న పేరు, తీసెయ్యడానికి మనసు రావడం లేదు. కానీ బుట్టలకి బుట్టలు రొయ్యలు వలిచి, కారానికి మండే వేళ్లని బకెట్టు నీళ్లలో ముంచుకునే ఇల్లాలు కళ్లముందు కదిలింది. అతనికి తన మీద తనకే సిగ్గేసింది.

“కొట్టీ,” అన్నాడు. “నా పేరు కొట్టీ. దానిదే ఎయ్యి.”

“ఆంటీ పేరు చెప్పండి.”

అసిరయ్య ఇబ్బందిగా కదిలాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ‘ఏమే’, ‘ఇదిగో’ అనడమే తప్ప ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచింది లేదు. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“ఎరుకమ్మ.”

“వినపడలేదు అంకుల్.”

“ఎరుకమ్మ!” అని అరిచాడు. మిషను మీద కనకదుర్గ ఉలిక్కిపడింది. “ఎరుకమ్మ రొయ్యల పచ్చడి! పెద్ద పెద్ద అచ్చరాలు ఎయ్యి. ఓడ మీంచి సూసినా కనపడాల.”

వెళ్లేటప్పుడు అతని మొహం తేటగా ఉంది. మెట్లు దిగుతూ ఆ పేరు మరోసారి తనలో తను అనుకుని నవ్వుకున్నాడు.

అతను సందు మలుపు తిరిగేదాకా ఆగి కనకదుర్గ అడిగింది. “ఏంటే ఇది? రంగు ఒకటైతే ఫ్రేమూ ఒకటే. అందులో ఒక పేరున్నా పది పేర్లున్నా ఖర్చు పెరగదు కదా. పాపం, పెద్దాయన్ని అంత ఏడిపించావెందుకు?”

“ఇద్దరి పేర్లూ వేస్తాలే దీదీ, మీసం కూడా పెడతాను,” అంటూ కళ్యాణి ఫోను చెవికి ఆనించుకుంది.

“మణీ, మీ నాన్న నాకు నచ్చారు, ఇక పెళ్లిచూపులకి తీసుకురా.”