జిప్సీకి నాలుగు లైట్లు

"ఈ వయసులో బండికి కొమ్ములెందుకండీ?" అంది అరుంధతి, దుకాణం ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవకుండానే.

రాధాకృష్ణమూర్తి తల మొత్తం భార్య వైపు తిప్పి చూశాడు. "కొమ్ములు కాదే, గార్డు. ఎవడైనా అడ్డమొస్తే బండికి దెబ్బ తగలకుండా."

"మొన్న మన గేటు స్తంభం అడ్డమొచ్చినట్టా? నిన్న మిశ్రాగారి స్కూటర్ అడ్డమొచ్చినట్టా?"

"అది స్కూటర్ పెట్టే చోటేనా? ఓ పక్కకి దాచిపెట్టినట్టు పెట్టాడు."

"ఆయన మనం ఫరీదాబాద్ రాకముందు నుంచీ అక్కడే పెడుతున్నాడు."

మిలటరీ వేలంలో కొన్న ఆకుపచ్చ జిప్సీ దుకాణం ముందు నోరు తెరుచుకుని నిలబడి ఉంది. రేపు తెల్లవారుజామున మనవరాలు నేహాని ఎక్కించుకుని ముస్సోరీ ప్రయాణం. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. "బస్సులోనో రైల్లోనో వెళ్ళండి నాన్నా" అని కూతురు ప్రణతి సాకేత్‌లో తన ఇంటి నుంచి ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. లడఖ్‌లో మిలటరీ లారీల వరస నడిపించిన మనిషికి ఉత్తరాంచల్ రోడ్లు ఒక లెక్కా!

నల్లటి ఇనప గార్డుని ఇద్దరు పనివాళ్ళు ఎత్తి పట్టుకుంటే, ఫిట్టర్ బిట్టూ కింద దూరి బోల్టులు బిగిస్తున్నాడు. అక్కణ్ణుంచే అరిచాడు.

"సాబ్, దో లైట్ కాఫీ హై. చార్ లగాయేంగే తో పబ్లిక్ గాలీ దేగీ."

"జనం తిట్టుకుంటే తిట్టుకోనీ! రెండు చాలవు, నాలుగూ ఉండాలి, చార్ హీ లగావో. రెండు మధ్యలో, రెండు చివర్న. ఏక్‌దమ్ కోనే మేఁ. నాకు పక్కలు కనబడాలి."

"ముసలోడికి దసరా పండగంటే ఇదే" అని గొణుక్కుంది అరుంధతి.

దుకాణం వాళ్ళు టీ తెచ్చి ఆయన కుడిచేతి పక్కన స్టూలు మీద పెట్టారు. ఆయన బిట్టూకి ఏదో చూపించబోయి చెయ్యి ఊపాడు. గ్లాసు ఎగిరి కిందపడి భళ్ళున పగిలింది.

"టీ ఎక్కడ పెట్టాలో కూడా తెలీదా మీకు?" అని కస్సుమన్నాడు.

అరుంధతికి ఒళ్ళు మండింది. ఈ మధ్య ఈ మనిషికి ఇదే వరస. తప్పెప్పుడూ ఎదుటివాడిదే. వీధి దీపాల్లో సగం మునిసిపాలిటీ వాళ్ళు పీకేశారంటాడు. నిన్న బండి కిందకి రాబోయిన సైకిలువాడు ఆకాశంలోంచి ఊడిపడ్డాడంటాడు. రిటైరయ్యాక మగాళ్ళకి చాదస్తం వస్తుందని విన్నది గానీ, కళ్ళు నెత్తికెక్కుతాయని వినలేదు.

"నా మాట వినండి. ఈ బండిలో నేను రాను, పిల్లనీ పంపను" అంది తెగేసి.

"నానీ, ప్లీజ్!" అని అమ్మమ్మని బతిమాలింది జిప్సీ వెనక సీట్లోంచి నేహా. "ఫ్రెండ్స్ అందరికీ చెప్పేశా, మైఁ నే సబ్ కో బోల్ దియా హై."

రాధాకృష్ణమూర్తి బిట్టూని వదిలి ఇటు తిరిగాడు. కుర్చీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించాడు. "భయపడకు. ఈమధ్య చీకటిపడితే రోడ్డు పక్కలు నాకూ సరిగ్గా తెలియట్లేదు, అందుకేగా ఈ లైట్లు. వెలిగించాక చూడు, పట్టపగల్లా ఉంటుంది. అప్పటికీ నీకు మనసొప్పకపోతే రైల్లోనే పోదాం. మాట."

ఆ మాటతో అరుంధతి కాస్త మెత్తబడింది. మూర్ఖుడే గానీ మాట తప్పే మనిషి కాదు.

పని పూర్తయ్యేసరికి పొద్దు గూకింది. అచ్చం వేళ చూసుకున్నట్టు బజారంతా కరెంటు పోయింది. పక్క దుకాణాల వాళ్ళు జనరేటర్ల తాళ్ళు లాగే పనిలో పడ్డారు. రాధాకృష్ణమూర్తి పెళ్ళికొడుకులా చొక్కా సర్దుకుని, జిప్సీకి ఎదురుగా, గార్డుకి బారెడు దూరంలో నిలబడ్డాడు.

"జలావో!" అన్నాడు.

బిట్టూ స్విచ్ నొక్కాడు.

వీధి భగ్గుమంది. ఎదుటి షట్టర్ మీది చిన్న అక్షరాలు కూడా చదవొచ్చు. రిక్షావాడు తిట్టుకుంటూ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అరుగు కింద పడుకున్న కుక్క లేచి పరుగెత్తింది.

"బాప్ రే!" అని బండి దిగి తాత పక్కకొచ్చిన నేహా కళ్ళు మూసుకుంది. "నానీ, చారోఁ ఏక్ సాథ్!"

అరుంధతి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. రెప్పలు మూసినా నాలుగు తెల్లటి గుండ్రాలు లోపల తిరుగుతూనే ఉన్నాయి. ఆమె గుండెల్లోంచి ఏదో బరువు దిగిపోయింది. ఇంత వెలుగుంటే కొండలేమిటి, పాతాళానికైనా వెళ్ళి రావచ్చు. పాపం, పొద్దుటి నుంచీ నోటికొచ్చినట్టు అన్నాను అనుకుంది. సరే, వెళ్దాం లెండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

రాధాకృష్ణమూర్తి నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్ళార్పకుండా ఆ వెలుగులోకే చూస్తున్నాడు. మొహం చిన్నపిల్లాడి మొహంలా విప్పారింది.

"చూశావా అరుంధతీ, రెండు లైట్లకే ఇంత వెలుగు! ఇక ఆ చివరి రెండూ కూడా వేశాడంటే ఎలా ఉంటుందో!"